ఉత్తరం నుండి చేతిఫోను వరకు: తెలుగు స్త్రీల ఆరోగ్యసమాచార అన్వేషణ – ఒక చారిత్రక పరిశీలన (విస్సన్నపేట, నూజివీడు ప్రాంతం నేపథ్యంగా)

వ్యాససంగ్రహం:

ఆరోగ్యానికి సంబంధించిన సమాచారాన్ని వెతకడంలోనూ, దానిని వినియోగించుకోవడంలోనూ స్త్రీపురుషుల మధ్య ఉన్న తేడాను అంతర్జాలం రాకతో పుట్టిన సమస్యగా చూడడం పరిపాటి. తెలుగునాట ఈ తేడాకు నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. స్త్రీల పత్రికలు, ప్రశ్నోత్తరాల శీర్షికలు, మహిళా సంఘాల ప్రచురణలు, ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు, చేతిఫోను అనే వరుసలో ఆ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. పరికరం ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న ఒక్కటే చాలదనీ, ఎవరు అడుగుతున్నారు, ఎవరి కోసం అడుగుతున్నారు, ఎవరు వింటుండగా అడుగుతున్నారు, తెలుసుకున్నాక నిర్ణయం ఎవరిది అనే నాలుగు ప్రశ్నలను కలిపి చూడాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్త్రీల ఆరోగ్యం, ఆరోగ్యసమాచారం, స్త్రీల పత్రికలు, ప్రమదావనం, సవాలక్ష సందేహాలు, అంతర్జాలం, విస్సన్నపేట.

1. ఉపోద్ఘాతం:

విస్సన్నపేట మామిడితోటల సీమలోని మండలకేంద్రం. ఒకప్పటి కృష్ణాజిల్లాలో నూజివీడు, తిరువూరు, విస్సన్నపేట ఒకే జిల్లా ఊళ్ళు. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలోకీ, విస్సన్నపేట, తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకీ వెళ్ళాయి. పాలనాపరంగా గీత మారినా బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం పండే నేల ఒకటే. తోటపనికి వెళ్ళే స్త్రీల జీవనమూ ఒకటే. చిన్న జబ్బుకు ఊళ్ళో మందులషాపు, పెద్ద జబ్బుకు విజయవాడ అన్నది ఇక్కడి కుటుంబాలకు పరిచితమైన దారి. ఈ రెంటికీ నడుమ “ఇది ఏమిటి? ఎవరినడగాలి?” అనే దశ ఒకటుంటుంది. వైద్యచరిత్ర గ్రంథాలలో తరచుగా నమోదు కానిది ఈ నడిమి దశే.

ఈ దశలో స్త్రీపురుషుల అనుభవం ఒకటి కాదు. అమెరికాలో ప్యూ పరిశోధనా కేంద్రం 2000 నుండి జరిపిన సర్వేలలో ఆరోగ్యసమాచారాన్ని అంతర్జాలంలో వెతికేవారిలో స్త్రీలే ముందున్నట్లు తేలింది. 2013లో వెలువడిన నివేదిక ప్రకారం అంతర్జాలం వాడే స్త్రీలలో 79 శాతం, పురుషులలో 65 శాతం మంది అంతకుముందటి ఏడాది కాలంలో ఇలాంటి సమాచారం కోసం వెతికారు. ఆ వెతుకులాటల్లో దాదాపు సగం తమ కోసం కాక ఇతరుల కోసం చేసినవి. మన ప్రాంతానికి ఈ నిర్ధారణను యథాతథంగా అన్వయించడం కుదరదు. అక్కడి లెక్క అంతర్జాలం ఇప్పటికే చేతిలో ఉన్నవారిది. ఇక్కడ మొదటి మెట్టు దగ్గరే తేడా ఉంది. ఆ తేడా ఎలా ఏర్పడిందో తెలియాలంటే అంతర్జాలానికి ముందటి కాలంలోకి వెళ్ళాలి.

2. చెప్పేవారు, వినేవారు – తొలి దశ:

తెలుగులో స్త్రీల కోసం ప్రత్యేకంగా ఆరోగ్యవిషయాలు రాయడం సంస్కరణోద్యమంతో మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రికను స్థాపించారు. ‘దేహారోగ్య ధర్మబోధిని’ వంటి రచనల ద్వారా శరీర సంరక్షణను స్త్రీవిద్యలో భాగం చేశారు. 1902లో వెలువడిన ‘హిందూసుందరి’తో స్త్రీలు స్వయంగా రచయిత్రులుగా, సంపాదకులుగా పత్రికారంగంలో నిలదొక్కుకున్నారు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి శాస్త్రవిషయాలను తెలుగులో చెప్పవచ్చునని నిరూపించింది. ఆచంట లక్ష్మీపతి వంటి వైద్యులు తెలుగులో రాయడానికి పూనుకొన్నారు.

ఈ దశకు రెండు లక్షణాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, చెప్పేవారు ఎక్కువగా విద్యావంతులైన పురుషులు, వినవలసినవారు స్త్రీలు. ‘బోధిని’ అనే పేరులోనే ఆ సంబంధం ఇమిడి ఉంది. రెండవది, స్త్రీ ఆరోగ్యజ్ఞానం ఎందుకంటే బిడ్డల కోసం, భర్త కోసం, ఇంటి శుభ్రత కోసం. తన దేహం గురించి తనకోసమే తెలుసుకోవాలన్న మాట వెనక వరుసలో ఉండిపోయింది. ఇతరుల కోసం వెతికే స్త్రీ అనే నేటి సర్వేల నిర్ధారణకు తెలుగులో ఇంత పాత నేపథ్యం ఉంది.

మరొక ముఖ్యమైన ఘట్టం ‘గృహలక్ష్మి’. డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసులో ఈ పత్రికను ప్రారంభించారు. ఆయన ఆయుర్వేద వైద్యులు; స్త్రీల వ్యాధులకు వాడే ‘లోధ్ర’ అనే మందును తయారుచేసి ప్రసిద్ధి పొందారు. స్త్రీల రచనలను ప్రోత్సహించి, గృహలక్ష్మి స్వర్ణకంకణంతో రచయిత్రులను సత్కరించిన సంస్థ, స్త్రీల మందు అమ్మిన సంస్థ ఒకరి నిర్వహణలోనివే. దీనిని తప్పుగా ఎంచవలసిన పని లేదు. ఆ కాలంలో పత్రిక బతకడానికి అదొక ఆధారం. కాని సమాచారమూ ప్రకటనా పక్కపక్కనే నడిచినప్పుడు పాఠకురాలు ఏది సలహా, ఏది అమ్మకం అని విడదీసుకోవలసి వస్తుంది. నేడు అంతర్జాలంలో వెతుకులాట ఫలితాల నడుమ డబ్బు చెల్లించి పెట్టించిన ఫలితాలను గుర్తుపట్టవలసిన అవసరం ఈ పాత సమస్యకే కొత్త రూపం.

ఈ దశకు ఒక పరిమితి ఉంది. 1951 జనగణన నాటికి దేశంలో స్త్రీల అక్షరాస్యత 9 శాతానికి లోపే. పత్రిక చేరిన ఇళ్ళు కొద్ది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రారంభమయ్యాక చదువురాని స్త్రీకి కూడా వినే అవకాశం కలిగింది. అయితే రేడియో వినిపిస్తుందే తప్ప, వినేవారి మాట వెంటనే వినదు.

3. అడిగే స్త్రీ – ‘ప్రమదావనం’:

వినే స్త్రీ అడిగే స్త్రీగా మారిన దశకు ప్రతీక నూజివీడులో పుట్టిన రచయిత్రి మాలతీ చందూర్. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలైన ఆమె శీర్షిక ‘ప్రమదావనం’ నాలుగు దశాబ్దాలకు పైగా నడిచింది. వంటలు, కుటుంబ సమస్యలు, దాంపత్యం, పిల్లల పెంపకం, ఆరోగ్యం అన్నీ అందులో చర్చకు వచ్చాయి. మాలతీ చందూర్ వైద్యురాలు కారు. చదివి, విచారించి, మర్యాదగా, స్పష్టంగా సమాధానమిచ్చే తోటి స్త్రీగా పాఠకులు ఆమెను నమ్మారు. ఆరోగ్యసమాచార చరిత్రలో ఈ నమ్మకం గమనించదగిన విషయం. అధికారం కలిగిన నిపుణుడి దగ్గర నోరు విప్పలేనివారు, నిపుణత తక్కువైనా దగ్గరితనం ఉన్న మనిషి దగ్గర విప్పగలరు.

ప్రశ్నోత్తరాల శీర్షిక నిర్మాణంలో మరొక విశేషం ఉంది. ఉత్తరం పంపేది ఒక్కరే అయినా సమాధానం అందరి ఇళ్ళకూ వెళుతుంది. అందువల్ల అది ఎవరి ఇంటి రహస్యమో ఎవరికీ తెలియదు. పేరు రాయకపోయినా, మారుపేరు పెట్టినా జవాబు వస్తుంది. పైగా అడగని స్త్రీకి కూడా ఆ జవాబు అందుతుంది. తన సందేహమే మరొకరిదని తెలియడం వల్ల ఆమెకు ఒంటరితనం తగ్గుతుంది. పత్రిక ఇంట్లో బల్లమీద అందరికీ కనిపించేలా పడి ఉన్నా దానిని తెరిచిన స్త్రీ ఏ పేజీ కోసం తెరిచిందో చెప్పే జాడ మిగలదు. గోప్యతను ఎవరూ ప్రత్యేకంగా రూపొందించకపోయినా, శీర్షిక స్వభావమే దానిని కల్పించింది.

1984లో విజయవాడ నుండి వెలువడిన స్వాతి సపరివారపత్రికలో డాక్టర్ జి. సమరం నిర్వహించిన శీర్షిక ఈ సంప్రదాయానికి మరో పార్శ్వం. లైంగిక ఆరోగ్యం గురించి తెలుగులో బహిరంగంగా, శాస్త్రీయంగా మాట్లాడడం ఒక సాహసం. అపోహలతో కుమిలిపోయే యువకులకు కూడా అది ఆసరా అయింది. ఇక్కడ ఒక విషయాన్ని మరువరాదు. అడగడానికి సిగ్గుపడడం స్త్రీలకే పరిమితం కాదు. పురుషుడికి తన బలహీనతను ఒప్పుకోవడం అడ్డు. స్త్రీకి తన దేహం గురించి మాట్లాడడమే అడ్డు. రెండు మౌనాలూ మౌనాలే కాని వాటి కారణాలు వేరు, ఫలితాలూ వేరు.

4. సందేహం నుండి సమష్టి జ్ఞానానికి:

1980ల నాటికి స్త్రీల ఉద్యమం ఈ చరిత్రను మరో మలుపు తిప్పింది. అమెరికాలో బోస్టన్ స్త్రీల బృందం 1970ల ప్రారంభంలో తమ శరీరాల గురించి తామే రాసుకున్న పుస్తకం ప్రపంచవ్యాప్తంగా అనేక భాషలకు స్ఫూర్తినిచ్చింది. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1991లో వెలువరించిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ ఒరవడిలో తెలుగు స్త్రీల పరిస్థితులకు తగినట్లుగా రూపొందిన గ్రంథం. దీని శీర్షికే ఒక ప్రకటన. అంతకుముందు స్త్రీకి బోధ అవసరమని భావించారు. ఇక్కడ స్త్రీ సందేహమే జ్ఞానానికి ప్రారంభమయింది. వైద్యుడి మాటను వినడంతో ఆగక, ఆ మాటను ప్రశ్నించే హక్కును కూడా ఈ పుస్తకం ఆరోగ్యసమాచారంలో చేర్చింది.

సమాచారం సమూహంలో పడితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా చూపింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో చదివిన ‘సీతమ్మ కథ’ పాఠం, దూబగుంట స్త్రీలు సారాకు వ్యతిరేకంగా లేచిన తీరు, 1992 నాటికి అది రాష్ట్రవ్యాప్త ఉద్యమంగా మారడం సుపరిచితమైన చరిత్ర. సారా వల్ల ఆరోగ్యం చెడుతుందన్న సంగతి ఆ స్త్రీలకు కొత్తగా తెలిసినది కాదు. కొత్తది ఏమిటంటే తెలిసిన సంగతిని నలుగురూ కలిసి చదవడం, కలిసి మాట్లాడడం. ఒంటరిగా తెలిసినది దిగులుగా మిగులుతుంది. కలిసి తెలుసుకున్నది చర్యకు దారితీస్తుంది. చేతిఫోను యుగాన్ని అంచనా వేసేటప్పుడు ఈ భేదం కీలకం. ఫోను స్వభావరీత్యా ఒంటరి పరికరం.

5. అంతర్జాలం – అంకెలు చెప్పేవి, చెప్పనివి:

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక అంతర్జాలం ధర బాగా తగ్గింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా అంతర్జాలం వాడిన స్త్రీలు 21.0 శాతం, పురుషులు 48.8 శాతం. తెలంగాణలో ఈ అంకెలు 26.5, 57.4. దేశం మొత్తం మీద 33.3, 57.1. అంటే రెండు తెలుగు రాష్ట్రాలలోనూ స్త్రీల వినియోగం దేశ సగటు కంటే తక్కువ. పురుషులలో సగం మందికైనా సమానం కాదు.

ఈ అంకెలను రెండు జాగ్రత్తలతో చదవాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సర్వే క్షేత్రకార్యం 2019లో, కోవిడ్‌కు ముందే ముగిసింది. ఆ తరువాత చదువులు, చెల్లింపులు ఫోనులోకి వచ్చాయి కనుక నేటి పరిస్థితిని దానితో కొలవలేం. రెండవది, సర్వే అడిగింది “ఎప్పుడైనా వాడారా” అని మాత్రమే. ఆరోగ్యం కోసం వాడారా, స్వంత ఫోనులో వాడారా, ఎవరి సాయంతో వాడారా అన్నవి అందులో లేవు. కొడుకు ఫోనులో వీడియో చూసి మనుమడి దగ్గుకు కషాయం కాచిన నాయనమ్మ ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది? ఆమె అంతర్జాలాన్ని వాడినట్టా, వాడనట్టా? సర్వే ప్రశ్నావళి తయారుచేసే పరిశోధకులు తేల్చుకోవలసిన ప్రశ్న ఇది.

6. భాష, గొంతు, గోప్యత:

విస్సన్నపేట ప్రాంతపు స్త్రీకి తన బాధను చెప్పుకోవడానికి కావలసినన్ని మాటలున్నాయి. నెల తప్పడం, నీళ్ళు పోసుకోవడం, బయట చేరడం, తెల్లబట్ట, గర్భసంచి, కడుపు జారడం వంటివి తరతరాలుగా వాడుకలో ఉన్న పదాలు. అంతర్జాలంలోని వైద్యవ్యాసాలు ‘రుతుస్రావం’, ‘గర్భధారణ’, ‘గర్భాశయ భ్రంశం’ అంటాయి. స్త్రీ మాట ఒకచోట, సమాచారం మరొకచోట ఉండిపోతాయి. మాలతీ చందూర్ వంటి శీర్షికా నిర్వాహకులు చేసిన పని ఈ రెండు భాషల మధ్య వారధి కట్టడమే. పాఠకురాలు తన మాటల్లో రాస్తే, అర్థం చేసుకొని ఆమెకు తెలిసే మాటల్లోనే జవాబిచ్చారు. వెతుకులాట యంత్రం అక్షరాన్ని పోలుస్తుంది. అక్షరం వెనుక సంకోచాన్ని పోల్చదు.

చదువు రాకపోయినా గొంతుతో వెతకవచ్చునన్న సౌకర్యం ఇప్పుడు ఉంది. తెలుగులో మాట్లాడితే ఫోను జవాబు చెబుతుంది. కాని ఇందులో ఒక విరోధం దాగి ఉంది. చేత్తో రాసే వెతుకులాట చదువు వచ్చినవారికే సాధ్యం, కాని నిశ్శబ్దంగా జరుగుతుంది. నోటితో చేసే వెతుకులాట అందరికీ సాధ్యం, కాని ఇంట్లో అందరికీ వినపడుతుంది. రెండు గదుల ఇంట్లో అత్తగారూ, ఎదిగిన కొడుకూ ఉండగా ఒక స్త్రీ తెల్లబట్ట గురించి ఫోనును గట్టిగా అడగగలదా? అక్షరాస్యత తక్కువైన స్త్రీకి సౌకర్యంగా వచ్చినదే ఆమె గోప్యతను హరిస్తున్నది.

ఫోను ఉమ్మడిదైతే ఈ చిక్కు రెట్టింపవుతుంది. వెతికినది ఫోను గుర్తుపెట్టుకుంటుంది. మరునాడు భర్త చేతిలో అదే విషయానికి చెందిన వీడియోలను ముందుకు తెస్తుంది. ప్రమదావనానికి ఉత్తరం రాసిన స్త్రీకి ఈ భయం లేదు. పోస్టుడబ్బాలో పడిన ఉత్తరం ఆమె ఇంటికి తిరిగి రాదు. ఈ ఒక్క విషయంలో 1952 నాటి ఏర్పాటు నేటి ఏర్పాటు కంటే స్త్రీకి ఎక్కువ భద్రత ఇచ్చిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

7. నడుమ ఉన్న మనిషి:

అంతర్జాలం వాడకంలో వెనుకబడిన స్త్రీలు ఆరోగ్యసేవల విషయంలోనూ అంతే వెనుకబడి ఉండాలి కదా అనిపిస్తుంది. వాస్తవం అలా లేదు. కేంద్రప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని 2023 ఫిబ్రవరిలో పది కోట్ల సంప్రదింపులు దాటినప్పుడు, అందులో 3.17 కోట్లతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో నిలిచింది. దేశవ్యాప్తంగా లబ్ధిదారులలో 57 శాతానికి పైగా స్త్రీలు. అంతర్జాలం వాడే స్త్రీలు ఐదో వంతుగా నమోదైన రాష్ట్రం అంతర్జాలం ద్వారా వైద్యుడిని కలవడంలో ముందుండడం వైరుధ్యంగా కనిపిస్తుంది. దీనికి కారణం నడుమ ఉన్న మనిషి. గ్రామ ఆరోగ్యకేంద్రంలో కార్యకర్త కూర్చుని తన పరికరం నుండి దూరాన ఉన్న వైద్యుడితో కలుపుతుంది. స్త్రీకి ఫోను ఉండనక్కరలేదు, చదువు రానక్కరలేదు, ఆ గదిదాకా నడిచి వస్తే చాలు.

కోవిడ్ టీకాల విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. నమోదుకు అంతర్జాలం అవసరమైన 2021 తొలి నెలల్లో చాలా రాష్ట్రాలలో స్త్రీలు వెనుకబడ్డారు. ఆ ఏడాది జూన్ నాటి వార్తాకథనాలు పురుషుల కంటే స్త్రీలకు ఎక్కువ టీకాలు అందిన రాష్ట్రాలుగా కేరళను, ఆంధ్రప్రదేశ్‌ను పేర్కొన్నాయి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, గ్రామ సచివాలయ వ్యవస్థ ఉన్నచోట స్త్రీలు మిగిలిపోలేదని దీనిని బట్టి భావించవచ్చు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త ఒక రకంగా ప్రమదావనం నిర్వాహకురాలికి వారసురాలు. తోటి స్త్రీ, ఇంటి భాష మాట్లాడే మనిషి. తేడా ఒక్కటే. ఆమె అదే ఊరి మనిషి కనుక ఆమెతో చెప్పిన మాట ఊరు దాటదని నమ్మకం కుదరాలి.

విస్సన్నపేటకు పొరుగున ఉన్న ఎ.కొండూరు మండలపు తండాలలో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఏళ్ళ తరబడి ప్రజల్ని పీడిస్తున్నది. అలాంటి చోట వ్యాధి ఒకరిది కావచ్చు కాని మందులు, ఆహారం, డయాలసిస్ తేదీలు గుర్తుంచుకునే భారం తరచుగా ఇంటి స్త్రీ మీద పడుతుంది. ఫోను పురుషుడిది, సమాచారంతో పని స్త్రీది అనే విభజన ఎంత నష్టదాయకమో ఇక్కడ తేటతెల్లమవుతుంది.

8. తెలిసినంత మాత్రాన చాలునా?

సమాచారం అందడం వేరు, దానితో నిర్ణయం తీసుకోగలగడం వేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్స జరిగినవారు దేశంలో 3.2 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. ఇవన్నీ అనవసరమైనవని అనరాదు. అయితే “తీయించకపోతే క్యాన్సర్ అవుతుంది” అన్న భయం, పిల్లలు పుట్టాక ఆ అవయవంతో పని లేదన్న అభిప్రాయం, బాధతో కూలి పోగొట్టుకోలేని దుస్థితి ఈ నిర్ణయాల వెనుక ఉన్నట్లు క్షేత్రపరిశోధనలు చూపాయి. అనవసర శస్త్రచికిత్సల నివారణకు మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కుటుంబనియంత్రణ మరో ఉదాహరణ. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల శస్త్రచికిత్స వాటా సుమారు 70 శాతం, పురుషులది అర శాతానికి లోపు. పురుషుల శస్త్రచికిత్స సులభమైనదన్న సమాచారం అర్ధశతాబ్దంగా ప్రచారంలో ఉంది. అది తెలిసినవారు పురుషులే, ఫోను ఉన్నవారూ పురుషులే. అయినా కత్తి స్త్రీ దేహం మీదే పడింది. సమాచారలోపం మాత్రమే కారణమనుకునే సిద్ధాంతం ఇక్కడ నిలవదు. సమాచారం తెలిసినవాడికి దానిని తనకు వర్తింపజేసుకోవలసిన అవసరం లేకపోవడం, తెలియని స్త్రీకి తప్పించుకునే వీలు లేకపోవడం అసలు కారణం.

9. ముగింపు:

పై పరిశీలన నుండి కొన్ని అంశాలు తేలుతున్నాయి. తెలుగునాట ఆరోగ్యసమాచారంలో లింగభేదం అంతర్జాలంతో పుట్టలేదు. పరికరం మారినప్పుడల్లా అది రూపం మార్చుకుంది. స్త్రీలకు బాగా ఉపయోగపడిన ఏర్పాట్లన్నింటిలో సాధారణంగా మూడు గుణాలు కనిపిస్తాయి. అవి అడిగేవారి భాషను అంగీకరించడం, అడిగిన జాడను ఇంట్లో మిగల్చకపోవడం, నమ్మదగిన మనిషి ఒకరు నడుమ ఉండడం. ప్రమదావనానికి ఈ మూడూ ఉన్నాయి. దూరవైద్యానికి మూడవది ఉంది. ఒంటరి వెతుకులాటకు మొదటి రెండూ కూడా సరిగా లేవు.

తెలుగు పరిశోధకులకు ఇందులో చేయదగిన పని చాలా ఉంది. పత్రికల ప్రశ్నోత్తరాల పేజీలు సాహిత్యచరిత్రలో అనుబంధాలుగా మిగిలిపోయాయి. అవి స్త్రీల ఆరోగ్యచరిత్రకు ప్రథమశ్రేణి ఆధారాలు. వాటిని దశాబ్దాలవారీగా సూచీకరిస్తే ఏ కాలంలో ఏ సందేహం నోరు విప్పిందో తెలుస్తుంది. మామిడి సీమలోని స్త్రీలు వాడే దేహసంబంధ పదాలను సేకరించి, వైద్యపదాలతో జతపరిచిన నిఘంటువు తయారైతే అది భాషాశాస్త్రానికీ, ఆరోగ్యకేంద్రానికీ ఒకేసారి ఉపయోగపడుతుంది. క్షేత్రపరిశోధనలో “మీ ఇంట్లో ఫోను ఉందా” అని ఇంటి యజమానిని అడిగి ఊరుకోకుండా, “మీకు ఒంట్లో బాగాలేనప్పుడు ముందు ఎవరికి చెబుతారు” అని స్త్రీని విడిగా అడగాలి. ఆ జవాబులో పరికరం పేరు కంటే ముందు ఒక మనిషి పేరు వచ్చే అవకాశమే ఎక్కువ. ఆ మనిషి ఎవరో, ఆమెకు ఏం తెలుసో, తెలియనిది ఆమె ఎవరినడుగుతుందో నమోదు చేయడంతో ఈ ప్రాంతపు ఆరోగ్యచరిత్ర రచన మొదలుకావాలి.